స్టాండుకో సున్నా

తలుపులు రెండు. మొదటిది మీ వెనక పూర్తిగా మూసుకున్నాకే రెండోది తొయ్యాలి. చెప్పులు బయట విడిచారు కాబట్టి ఏసీ చల్లదనం ముందు పాదాలకే తెలుస్తుంది. నేల నిండా కేబుళ్లు, చూసుకుని అడుగు వేయండి. చెన్నై, కోడంబాక్కం దగ్గర ఓ రికార్డింగ్ థియేటర్. వయొలిన్లు వరసలుగా కూర్చున్నాయి. వాటి పక్కన చెల్లోలు, వెనక గోడవార ఫ్రెంచ్ హార్న్‌లు, అద్దాల గదిలో డ్రమ్స్, మరో గదిలో తబలా, ఇటు మూల చాప మీద వీణ. ఎవరి ముక్క వాళ్లు ఇంట్లో వాయించి ఫైలు పంపేస్తున్న ఈ రోజుల్లో ఇంతమందిని ఒకే కప్పు కింద చూడడం అరుదు.

నోట్స్ పంచుతున్న కుర్రాడి వెనకే నడవండి. అందరికీ ఇస్తున్నది పల్లవికి ముందు వచ్చే ఒకే బిట్. అయినా ఒక స్టాండు మీది కాగితం పక్క స్టాండువాడికి పనికిరాదు.

మొదటి డెస్కు దగ్గర ఆగండి. వయొలిన్ల లీడర్ పెన్సిల్ పట్టుకుని అచ్చు గీతల మీద తన గీతలు గీస్తున్నారు. అడుగు లేని చిన్న చదరం వేస్తే కమాను కిందికి లాగాలి. ఇంగ్లిష్ ‘వి’ ఆకారం వేస్తే పైకి తొయ్యాలి. కమానుకి చేతి దగ్గర బరువెక్కువ, కొసన తక్కువ. అందుకే ఆవర్తం మొదటి దెబ్బకి చదరం పెట్టి, చేతి బరువు అక్కడ పడేలా చూస్తారు. లీడర్ గీసినది వెనక్కి తిరిగి చూపిస్తారు, రెండో డెస్కు తమ కాగితం మీదికి ఎక్కించుకుంటుంది, దాన్నించి మూడో డెస్కు. అందరి కమాన్లూ ఒకేసారి లేచి ఒకేసారి దిగడం వెనక ఉన్నది ఈ పెన్సిల్ గీతే. కచేరీలో మన వయొలిన్ విద్వాంసుడికి ఇలా ఎవరూ రాసివ్వరు. కమాను ఎటు పోవాలో ఆయన చేయి, ఆయన బాణీ చూసుకుంటాయి.

అదే కాగితం మీద, రెండో వరసలో ఓ స్వరం నెత్తిన చిన్న సున్నా ఉంది. దాన్ని గుర్తు పెట్టుకోండి, ఈ గదిలో అది మీకు మళ్లీ మళ్లీ తగులుతుంది. ఇక్కడ దాని అర్థం: వేలితో తీగని నొక్కొద్దు, ఆనీ ఆననట్టు ఉంచు. సన్నటి ఈల లాంటి నాదం వస్తుంది. కింద ఓ చోట ప్లస్ గుర్తు. కమాను ఊసెత్తకుండా, స్వరస్థానాల మీద ఉండే ఎడమ చేతి వేలితోనే తీగని మీటమని. పగానిని తన 24వ కాప్రీస్‌లో ఓ వేరియేషన్‌ని ఈ ఎడమచేతి మీటుతో నింపేశాడు. ఇప్పటికీ కుర్ర వయొలినిస్టుల వేళ్లు అక్కడ బొబ్బలెక్కుతాయి.

ఇంకో మాట, వేళ్ల అంకెల గురించి. వయొలిన్ కాగితం మీద 1 అంటే చూపుడువేలు. రెండడుగులు పక్కకి జరిగి పియానో కాగితం చూడండి, అక్కడ 1 అంటే బొటనవేలు. వయొలిన్‌వాడి బొటనవేలు మెడని పట్టుకునే పనిలో ఉంటుంది కాబట్టి దానికి అంకె దక్కలేదు. రెండు వాద్యాలూ ఒకేసారి నేర్చుకునే పిల్లల అవస్థ ఆలోచించండి.

వెనక గోడ దగ్గరికి రండి. హార్న్ వాయించే ఆయన కుడి చేయి వాద్యం నోట్లోకి దూరి ఉంది. ఆయన కాగితం మీద ప్లస్ కనిపిస్తుంది. ఇక్కడ మీటడానికి తీగే లేదు. ప్లస్ అంటే ఆ చేత్తో వాద్యం నోరు బిగించి మూసెయ్యమని. నాదం ఒక్కసారిగా ముక్కుతో పలికినట్టు, లోహం గీసినట్టు మారిపోతుంది. తర్వాతి స్వరం మీద సున్నా ఉంటే చేయి మళ్లీ సడలించాలి. కొంచెం ఆగి వినండి, చెవికి తేడా తెలిసిపోతుంది.

అద్దాల గదిలో డ్రమ్మర్ కాగితానికీ అయిదు గీతలే. కాకపోతే ఆ గీతల మీద స్వరాలు లేవు, డ్రమ్ములున్నాయి. ఏ గీత మీద చుక్క పెడితే ఆ డ్రమ్ము. లోహపు సింబల్స్‌కి చుక్క బదులు ఇంటూ గుర్తు. ఎడమ కాలి కింద పెడల్‌తో కలిసి విడిపోయే జంట సింబల్స్ ఉన్నాయి చూశారా, హై-హ్యాట్, దాని ఇంటూల నెత్తిన మళ్లీ సున్నాలు, ప్లస్సులు. సున్నా ఉంటే కాలు ఎత్తి తెరవాలి, ప్లస్ ఉంటే తొక్కి మూయాలి. హార్న్‌వాడి కుడి చేతికి చెప్పిన సంగతే ఇక్కడ ఎడమ కాలికి చెప్పారు.

గిటారిస్టు ముందున్న కాగితానికి ఆరు గీతలు. ఒక్కో గీత ఒక్కో తీగ, గీత మీది అంకె మెట్టు నంబరు. సున్నా ఉంటే తీగ మీద వేలే పెట్టకూడదు. ఇంటూ ఉంటే ఆ తీగ పలక్కుండా అణచాలి. అన్నిటికంటే పై గీత సన్న తీగది, వాద్యం మీద చూస్తే అది నేలకి దగ్గరగా ఉన్న తీగ. మొదట చూసినవాళ్లు తలకిందులు కాగితం అనుకుంటారు. 1507లో వెనిస్‌లో పెట్రూచి అచ్చేసిన స్పినాచినో ల్యూట్ పుస్తకంలో గీతలు ఇందుకు తిరగేసి ఉంటాయి. వాయించేవాడు ఒళ్లో వాద్యం వైపు వంగి చూస్తే కనిపించే వరసలోనే అక్కడ వేశారు. నన్నడిగితే ఆ పద్ధతే మేలు.

తబలా గదిలో గీతలు లేవు. బోల్‌లున్నాయి: ధా ధిన్ ధిన్ ధా. పదహారు మాత్రల తీన్ తాల్. మొదటి మాత్ర కింద ఇంటూ, తొమ్మిదో మాత్ర కింద సున్నా. భాత్‌ఖండే పద్ధతిలో ఇంటూ అంటే సమ్, ఆవర్తం అంతా వచ్చి వాలే చోటు. గిటారిస్టు నోరు మూయించిన గుర్తు ఇక్కడ అందరికంటే గట్టిగా మోగేది! సున్నా ఖాళీ. అక్కడ ఎడమ చేతి డగ్గా మోత తగ్గుతుంది, ధిన్ కాస్తా తిన్ అవుతుంది. ఇదే తబలా విష్ణు దిగంబర్ పలుస్కర్ పద్ధతిలో నేర్చుకుని ఉంటే ఖాళీకి ప్లస్ వేసేవారు.

ఇప్పుడు వీణ దగ్గర కూర్చోండి. కుర్చీ లేదు, చాప మీదే. వీణ వాయించే ఆమెకి ఇచ్చిన అచ్చు కాగితం పక్కన పడి ఉంది. అసిస్టెంటు ఒకసారి పాడి వినిపిస్తే ఆవిడ తన నోటుబుక్‌లో తెలుగులో రాసుకున్నారు. స, రి, గ అంటే ఒక్కో అక్షర కాలం. సా, రీ, గా అంటే రెండేసి. కాలం కొలవడానికి మన లిపిలో దీర్ఘం సిద్ధంగా ఉంది, వేరే గుర్తు పనిలేదు. స్వరాల నెత్తిన మాత్రం గమకాలు చెప్పే చిన్న చిన్న గీతలున్నాయి. పైకి వాలిన గీత ఏట్ర జారు, కిందికి వాలినది ఇరక్క జారు. అలల గీత కంపితం. మూడు చుక్కలు స్ఫురితం. ‘డబ్ల్యూ’లా ఉన్నది నొక్కు. ఇంకా దగ్గరికి వంగండి. గాంధారం మీద ఇంటూ ఉంది.

ఈ గుర్తులు ఎట్టయపురం నుంచి వచ్చాయి. తమిళ దేశపు ఆ చిన్న సంస్థానంలో, 1904లో, సుబ్బరామ దీక్షితులు తెలుగులో అచ్చేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఇవి ఉన్నాయి. ఆయన వైణికుడు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులకి దౌహిత్రుడు, దత్తపుత్రుడు కూడా. ఆ బాలస్వామే యూరోపియన్ల దగ్గర వయొలిన్ నేర్చి మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసిన మనిషి. అంటే ఆ వరసల్లో కూర్చున్న వయొలిన్లకీ ఈ నోటుబుక్కులోని ఇంటూకీ ఒక ఇంటి చుట్టరికం ఉంది. ఆ పుస్తకం రాయించినవారిలో ముఖ్యుడు చిన్నస్వామి మొదలియారు. మన కీర్తనల్ని పాశ్చాత్యుల అయిదు గీతల మీదికి ఎక్కించి 1893లో అచ్చేసిన ఆయనే ఈ వైణికుడి వెంటపడ్డారు. సుబ్బరామ దీక్షితులు గమకాలని వివరించింది వీణ మెట్ల మీద వేళ్ల నడకతోనే. గాయకులు ఆ పుస్తకం తెరిస్తే గొంతులో కనిపించని వీణ ఒకటి పెట్టుకుని చదువుకోవాల్సిందే.

ఆ ఇంటూ పేరు ఒదుక్కల్. రిషభం మెట్టు మీద వేలు ఉంచి, మీటి, తీగని పక్కకి లాగి గాంధారం పలికించాలి. గాంధారం మెట్టు మీదికి వెళ్లి మీటినా స్వరస్థానం అదే, శ్రుతి పెట్టెతో సరిపోతుంది కూడా. కానీ బిగిసిన తీగ ఇచ్చే గాంధారంలో లాగిన వేలి పట్టు వినిపిస్తుంది. ఆవిడ రెండు రకాలుగానూ వాయించి చూపిస్తున్నారు. మొదటిది మెట్టు మీద. రెండోది లాగి. ఇత్తడి మెట్టు మీద తీగ పక్కకి ఒరుసుకుంటున్న చప్పుడు కూడా మీకు వినబడేంత దగ్గరలో ఉన్నారు.

హెడ్‌ఫోన్లో కండక్టర్ గొంతు. “అమ్మా, ఆ గాంధారం బాగుంది. వయొలిన్లూ అలాగే రావాలి.”

లీడర్ వయొలిన్ చంకన పెట్టుకుని ఇటు వచ్చారు. నోటుబుక్కులోకి తొంగి చూశారు.

“ఈ ఇంటూ ఏంటమ్మా?”

“రి మెట్టు మీదే ఉండి లాగాలండీ. గ మెట్టుకి పోకూడదు.”

“మాకు మెట్లెక్కడివమ్మా!”

ఆవిడ నవ్వి మళ్లీ లాగి వినిపించారు. ఆయన నిలబడే వయొలిన్ గడ్డం కిందికి తెచ్చి ప్రయత్నించారు. ఒక వేలితో రి, మరో వేలితో గ పట్టుకుంటే రెండు స్వరాలు విడివిడిగా వచ్చాయి. ఒకే వేలిని తీరుబాటుగా జరిపితే మెత్తగా జారిపోయింది. తల అడ్డంగా ఊపారు. మూడోసారి అదే చూపుడువేలు, చివరి క్షణందాకా ఆపి, ఒక్క ఊపున పైకి తోసి, అక్కడ కదలకుండా బిగబట్టారు. వీణ దగ్గర తల నిలువుగా ఊగింది.

ఆయన డెస్కుకి వెళ్లి పెన్సిల్ తీశారు. ఇంటూ వేయలేదు. వయొలిన్ కాగితం మీద చుక్క బదులు ఇంటూ పెడితే స్వరం లేని చప్పుడు అడుగుతున్నారనుకుంటారు. రిషభం మీద 1, గాంధారం మీద 1, రెండింటి మధ్య వాలు గీత. ఆ గీత కొసన కొంచెం గట్టిగా వత్తారు. కాగితం వెనక్కి తిప్పి చూపించారు. రెండో డెస్కు రాసుకుంది, మూడో డెస్కు రాసుకుంది. నాలుగో డెస్కు నుంచి ఓ కుర్రాడు మెడ చాచాడు.

“సార్, డౌన్ బోనా, అప్ బోనా?”