సీ సెంటర్ల సౌండు, అటక మీది క్యాసెట్లు

ఈ రోజు పంట గురించి కాదు, ఒక సినిమా సౌండు గురించి రాస్తున్నాను. అదీ మన సినిమా కాదు, అమెరికా వాళ్లది. "మనకెందుకయ్యా ఈ గోల" అనుకోకుండా చివరిదాకా చదవండి. పల్లెటూరి జనం విన్న సౌండు మాయమైపోతే దాన్ని ఎవరు, ఎలా వెనక్కి తెచ్చారన్నదే ఈ కథ.

1977 మే 25న స్టార్ వార్స్ అనే సినిమా విడుదలైంది. మొదటి రోజు 32 థియేటర్లలోనే వేశారు. దీనికి సౌండు ఒక్కటి కాదు, మూడు రకాలుగా కలిపారు. మహానగరాల్లో 70 ఎంఎం హాళ్లకు ఆరు ట్రాకుల సౌండు. డాల్బీ మెషిన్లు పెట్టుకున్న హాళ్లకు 35 ఎంఎం స్టీరియో. మిగతా వాటి సంగతి? తెర వెనక ఒకే స్పీకరు ఉన్న చిన్న ఊళ్ల హాళ్లకు మోనో సౌండు. మన భాషలో చెప్పాలంటే బీ, సీ సెంటర్ల ప్రింటు.

సీ సెంటర్ కదా అని ఏదో ఒకటి కలిపి పంపేశారనుకుంటాం. జరిగింది వేరు. మోనోని అన్నిటికంటే చివర్లో కలిపారు. దాంతో ముందు రెండింటిలో చేరని మాటలు, చప్పుళ్లు ఇందులోకి వచ్చాయి. సౌండు మనిషి పేరు బెన్ బర్ట్. ఆయన పని వింటే ముచ్చటేస్తుంది. తుపాకీ చప్పుడు కోసం రేడియో టవరుకు దన్నుగా కట్టిన ఇనప తీగను సుత్తితో కొట్టి రికార్డు చేశాడు. శత్రు విమానాల అరుపులో ఏనుగు ఘీంకారం ఉంది, దానికి తడి రోడ్డు మీద కారు పోయే చప్పుడు కలిపాడు. వెలుగు కత్తుల జుమ్మనే మోత పాత ప్రొజెక్టరు మోటారుది, టీవీ గొట్టం రొదది. ఈ పనికి ఆయనకు ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు.

తేడాలు చిన్నవే. హీరో పిన్ని పాత్ర ఉంటుంది, స్టీరియోలో ఆమె గొంతు ఒకటి, మోనోలో ఇంకొకటి. శత్రు సిపాయి ఒకడు తలుపులు మూసేయమని అరిచే అరుపు మోనోలో వినపడుతుంది, 1977 స్టీరియోలో లేదు. బంగారు రంగు మరమనిషి చెప్పే ఒక వివరం కూడా అంతే. కానీ చిన్నప్పుడు ఊరి హాల్లో పదిసార్లు చూసినవాడికి ఆ అరుపు గుర్తుంటుంది కదా. తర్వాత క్యాసెట్టు కొని చూస్తే అది లేదు! నేనే తప్పు విన్నానా అని ఎంతమంది తల గోక్కున్నారో.

ఎందుకంటే కంపెనీ ఇళ్లకు అమ్మిన క్యాసెట్లకు, డిస్కులకు స్టీరియోనే వాడుకుంది. మోనో ఏనాడూ అమ్మకానికి రాలేదు. పైగా 1997లో దర్శకుడు జార్జ్ లూకాస్ సినిమాకే మార్పులు చేసి, ఇకమీదట ఇదే అసలు సినిమా అన్నాడు. 2006లో పాత రూపాన్ని ఒక డీవీడీలో అదనపు సరుకుగా ఇచ్చారు గానీ, అందులోనూ స్టీరియోనే. ఎక్కువ ఊళ్లు విన్న సౌండే దుకాణంలో దొరకని సౌండయింది. మనం ఏళ్ల తరబడి వేసుకున్న నాటు విత్తనం ఒకరోజు ఏ కొట్లోనూ లేకుండా పోయినట్టు.

మరి విత్తనం ఎక్కడ మిగిలింది? వీడియో టేపుల్లో. ఆ కాలం టీవీకి స్పీకరు ఒక్కటే, కాబట్టి టీవీలో వేసేటప్పుడు కొన్నిసార్లు మోనో సౌండే వాడారు. జనం ఇళ్లలో వీసీఆర్‌తో దాన్ని రికార్డు చేసుకుని, అటక మీద పడేసి మర్చిపోయారు. అభిమానులు వెతికి పట్టుకున్నది ఆ టేపుల్నే.

ఇక్కడే అసలు చాకిరీ మొదలు. మామూలు వీహెచ్‌ఎస్‌లో సౌండు టేపు అంచున సన్నని గీతలా ఉంటుంది. పాటల క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అమెరికా వీహెచ్‌ఎస్‌లో 3.3, మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో 2.3 మాత్రమే. నడక తగ్గేకొద్దీ సన్నని శబ్దాలు పోతాయి, బుస పెరుగుతుంది. టేపు సాగి ఉంటే గొంతు ఊగుతుంది. దానికి తోడు కరెంటు హోరు, అమెరికాలో 60 హెర్ట్‌జ్, మన దగ్గరా బ్రిటన్‌లోనూ 50. పాల్ దేశాల టేపు అయితే ఇంకో తిరకాసు. సెకనుకు 24 బొమ్మల సినిమాను 25 చొప్పున తిప్పుతారు. 121 నిమిషాల సినిమా 116 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులన్నీ కాస్త కీచుగా వస్తాయి. మనం వీసీఆర్‌లో చూసిన సినిమాలకూ ఇదే జరిగింది, ఎవరం పట్టించుకోలేదు.

కాబట్టి ముందు వేగం సరిచేయాలి. తర్వాత మంచి ప్రింటు బొమ్మకు పెదాల కదలిక చూసుకుంటూ సౌండు అతికించాలి. ప్రకటనల కోసం టీవీ వాళ్లు కోసిన చోటల్లా ఇంకో టేపు నుంచి ముక్క తెచ్చి పూడ్చాలి. ఏ టేపులోనూ దొరక్కపోతే, రెండింటిలో ఒకేలా ఉన్న చోట మాత్రం స్టీరియో నుంచి అప్పు తెచ్చుకోవాలి. ఆ అప్పు ఎక్కడెక్కడ చేశారో రాసి పెట్టేవాళ్లంటే నాకు గౌరవం. రాయకుండా కలిపేస్తే అది కల్తీ విత్తనమే.

బుస తీయడం మాత్రం కలుపు తీసినట్టు. చెయ్యి బరువైతే కలుపుతో పాటు మొక్కా వస్తుంది. బుస మొత్తం పోవాలని పట్టుబట్టిన వాళ్ల సౌండు వింటే, మనుషులు నీళ్లలో మునిగి మాట్లాడినట్టుంటుంది. కొంచెం బుస ఉంచిన వాళ్లదే వినబుద్ధేస్తుంది.

ఇలా కూడదీసిన మోనోని తర్వాత చెక్ దేశపు ఇంగ్లీషు మాస్టారు ఒకాయన తన పనిలో చేర్చుకున్నాడు. 1997 మార్పుల్ని ఒక్కొక్కటీ తీసేసి పాత సినిమాను నిలబెట్టినాయన. జీతం లేదు, అమ్మకం లేదు. చట్టం ప్రకారం హక్కులు కంపెనీవి, అందులో అనుమానం లేదు. అందుకే అసలు డిస్కు కొన్నవాళ్లే దీన్ని తీసుకోవాలని వాళ్లలో వాళ్లు కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ కట్టుబాటుతో చట్టం తృప్తి పడుతుందని నేననను. కానీ సొంతదారు గాదెలో దాచి బయటికి తీయకపోతే, పాత రుచి తెలిసినవాడు ఊరుకోడు. నా ఓటు ఆ మాస్టారికే.

ఇప్పుడు మన సంగతి. పండగ రాత్రి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి, వీధిలో గోనెసంచులు పరుచుకుని తెల్లారేదాకా మూడు సినిమాలు చూసిన తరం మనది. అప్పుడు కొన్న క్యాసెట్లు, దూరదర్శన్ నుంచి రికార్డు చేసినవి, పెళ్లి వీడియోలు మన అటకల మీద ఇంకా ఉన్నాయి. ఉంటే పాత వీసీఆర్‌లో పెట్టి తిప్పకండి. ముందు క్యాసెట్టు కిటికీలోంచి చూడండి. టేపు అంచున తెల్లగా పొడిలా కనపడితే బూజు. తిప్పితే మెషినూ పాడవుతుంది, తర్వాత పెట్టే క్యాసెట్టుకూ అంటుకుంటుంది. పురుగుమందు డబ్బాల పక్కన, రేకుల కింద వేడిలో ఉంచకండి. పుస్తకంలా నిలువుగా, పొడిగా ఉన్న చోట పెట్టండి. క్యాసెట్టు వెన్ను మీద ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచేస్తే పొరపాటున కూడా దాని మీద రికార్డు పడదు.

మీ ఇంట్లో ఏమున్నాయో చూసి, పైన రాసి ఉన్న పేర్లు కింద కామెంట్లో పెట్టండి. పేరు చెరిగిపోయినా పర్లేదు, ఏ సంవత్సరం నాటిదో గుర్తుంటే చాలు.