కందెన నుండి ఫిల్టరు దాకా



మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన తెలుగు పండితుడు జీపు ఇంజనులో నూనె మార్చడం గురించి వ్రాయబూనడమేమిటని మీకు వింతగా తోచవచ్చు. నన్ను ఈ దారి పట్టించినది ఒక మాటా, ఒక రాత్రీ. ముందు మాట సంగతి చెబుతాను.

ఆ మాట కందెన. మా చిన్నతనంలో ఎడ్లబండి ఇరుసుకు పూసే జిడ్డును అలా పిలిచేవారు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురుగొట్టంలో పోసి, బండికి వ్రేలాడగట్టేవారు. చక్రం కిర్రుమన్నదంటే కందెన ఆరిందన్నమాట. బండివాడు దిగి, శీల ఊడదీసి, చక్రాన్ని కాస్త ఇవతలికి లాగి, ఇరుసుకు పూసి మళ్ళీ బిగించేవాడు. ఆ ఆముదానికీ మోటారు నూనెకూ చుట్టరికముంది. 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ ఇంగ్లండులో స్థాపించిన కంపెనీ, 1909లో తన కొత్త నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. క్యాస్టర్ అంటే మన ఆముదమే. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల ఇంజన్లెన్నో ఆముదంతోనే తిరిగాయి. ఇక డీజిలు ఇంజను సంగతి చూడండి. రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన ఆ యంత్రాన్ని 1900 నాటి పారిస్ ప్రదర్శనలో వేరుసెనగ నూనె పోసి నడిపి చూపారు. మనం పరాయివనుకునే యంత్రాలకు మన చేలలో పండే గింజలతో ఇంతటి పరిచయముంది.

జీపు యుద్ధంలో పుట్టిన బండి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మహీంద్రా వారు బొంబాయిలో వాటిని కూర్చడం మొదలుపెట్టారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిననాటి నుండి, 1967లో కాలువలకు నీళ్ళు వదిలేదాకా, మాచర్ల ప్రాంతం వారు జీపును అధికారుల బండిగానే ఎరుగుదురని మా పెద్దలు చెప్పేవారు. అవి పెట్రోలు బండ్లు. 1980లలో ప్యూజో సంస్థ లైసెన్సుతో ఇక్కడే తయారైన డీజిలు ఇంజన్లు జీపులలోకి వచ్చాక, ఖర్చు తగ్గి, జీపు సామాన్యుడి బండి అయింది. బస్సు వెళ్ళని ఊళ్ళకు అదే బస్సు. అర్ధరాత్రి అదే అంబులెన్సు.

ఇక రాత్రి సంగతి. 1988 వేసవిలో గురజాల దగ్గరి ఒక పల్లెలో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. ఊళ్ళో ఉన్నది ఒకటే జీపు. వానాకాలపు నల్లరేగడి బురదలోనూ నడవడానికని నాలుగు చక్రాలూ లాగే బండినే కొన్నాడు ఆ డ్రైవరు. నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరాము. పిడుగురాళ్ళ దాటిన కాసేపటికి బండి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

అతడు దిగి బానెటు ఎత్తాడు. టార్చిలైటు నా చేతికిచ్చాడు. డీజిలు ఫిల్టరు గిన్నె విప్పితే అడుగున నీళ్ళూ, మన్నూ. సీటు క్రింద గుడ్డలో చుట్టి ఉంచిన కొత్త ఫిల్టరు తీసి బిగించాడు. గాలి మరను వదులుచేసి, చేతిపంపు కొట్టసాగాడు. మొదట నురగ వచ్చింది. నురగ పోయి డీజిలు నికరంగా కారేదాకా కొట్టి, మర బిగించాడు. ఇరవై నిమిషాలు పట్టిందేమో. నాకది ఒక యుగం. మళ్ళీ బండి కదిలాక అతడన్న మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "తప్పు బండిది కాదు మాస్టారూ, నాది. పోయినవారమే మార్చాల్సింది. పెళ్ళిళ్ళ గిరాకీ చూసుకొని వాయిదా వేశాను."

తెల్లవారుజామున మా అమ్మాయి పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అయితే ఆ వాయిదా ఖరీదు ఎంత కాగలిగేదో తలచుకుంటే ఇప్పటికీ నా గుండె జల్లుమంటుంది.

ఆ తరువాత చాలా ఆదివారాలు అతడి పాక దగ్గర గడిపాను. అతడు మొదట ఇంజనును కాసేపు నడిపేవాడు. వెచ్చబడ్డ నూనె పలుచనై, మురికిని తనతో తెచ్చుకుంటుంది. బండిని చదునుగా నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, చాంబరు అడుగు నట్టు విప్పి, ఆఖరి చుక్క దాకా కారనిచ్చేవాడు. పాత ఫిల్టరు తీశాక దాని రబ్బరు వలయం ఇంజనుకే అంటుకొని ఉండిపోయిందేమోనని వేలితో తడిమి చూసేవాడు. పాతదాని మీద కొత్తది బిగిస్తే నూనంతా బయటకు చిమ్ముతుందట. కొత్త వలయానికి కాస్త నూనె రాసి, ఫిల్టరును చేత్తోనే బిగించేవాడు. కొత్త నూనె పోసి, ఇంజను ఒక నిమిషం నడిపి, ఆపి, కాసేపాగి కడ్డీతో మట్టం చూసేవాడు.

మొదటి మోటారు బండ్లకు నూనె ఫిల్టరే లేదు. 1923లో అమెరికాలో స్వీట్‌లాండ్, గ్రీన్‌వుడ్ అనేవారు దాన్ని రూపొందించారు. పలనాడులో మాత్రం అసలు పరీక్ష గాలి ఫిల్టరుదే. శ్రీనాథుడి పేర వినవచ్చే చాటువులలో మా సీమ రాళ్ళకు దక్కిన ఆక్షేపణ మీకు తెలిసినదే. ఆ రాళ్ళే సున్నపుబట్టీల దగ్గరా, క్వారీబాటల మీదా దుమ్ముగా లేస్తాయి. ఆ జీపు గాలి ఫిల్టరు అడుగున నూనె గిన్నె ఉండేది. లోపలికి వచ్చే గాలి ఆ నూనెను ఒరుసుకొని మలుపు తిరిగేటప్పుడు దుమ్ము అందులో చిక్కుకుంటుంది. విప్పినప్పుడల్లా అడుగున వేలెడు మందాన అడుసు. మా నేల చరిత్రను నేను ఆ గిన్నెలోనే చదివాను.

నూనె నల్లబడితే చెడిపోయిందని అనుకునేవాడిని. అది సగమే నిజం. డీజిలు మండగా పుట్టే మసి గడ్డకట్టి పిస్టను రింగులకు పట్టకుండా తనలో కలుపుకొని మోసే మందులు నూనెలో ఉంటాయి. 1930లలో డీజిలు ట్రాక్టర్ల రింగులు బిగుసుకుపోతుంటే కనిపెట్టిన ఉపాయమది. కనుక నలుపు నూనె చేసిన పనికి గుర్తు. అయితే మోయగలిగిన దానికీ ఒక హద్దుంది. ఆ హద్దు రాకముందే దానికి సెలవివ్వాలి.

సెలవిచ్చిన నూనెను ఏం చేసేవారు? చెద పట్టకుండా గుంజలకు పూసేవారు. మిగిలినది వాగుగట్టున పారబోసేవారు. ఆ డబ్బా నేనూ మోశాను. ఇవాళ ఆ పని చేయను. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. దాన్ని అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే చేర్చాలి.

2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో డీజిలు బండ్ల పొగగొట్టంలోనూ ఒక ఫిల్టరు చేరింది. దానికి తగిన, బూడిద తక్కువ మిగిల్చే నూనె పోయాలి. నరసరావుపేట 2022లో పలనాడు జిల్లాకు కేంద్రమైంది. బండ్లూ, దారులూ మారాయి. దుమ్ము మాత్రం అదే.

కారెంపూడిలో ఏటా పలనాటి వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. దసరాకు మా డ్రైవర్లు బానెటుకు పసుపుకుంకాలు పెడతారు. రెండూ మంచివే. కాని ఆ రాత్రి తరువాత నాకు తెలిసిన ఆయుధపూజ వేరు. ఆ డ్రైవరు పనిముట్ల పెట్టె మూత లోపల సుద్దముక్కతో అంకెలు వ్రాసుకునేవాడు. నూనె మార్చినప్పటి కిలోమీటర్లు ఒక వరుస, ఫిల్టర్లవి మరొక వరుస. ఆ రాత్రి తరువాత 5000 కిలోమీటర్ల గడువు దాటనివ్వలేదు. గిరాకీ ఎంతున్నా సరే.

అతడు ఇప్పుడు లేడు. ఆ బండి ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. అంకెలూ దానితోనే పోయాయి. యుద్ధాలకూ, ఆనకట్టలకూ శాసనాలుంటాయి. కందెన పెట్టినవాడికి ఉండవు. అందుకే ఈ నాలుగు మాటలూ వ్రాసి ఉంచుతున్నాను.

స్వస్తి.