ఇంటిపేరులో దాగిన ఊరు

గోదావరి డెల్టాలో కాటన్ దొర పేరు వినని ఇల్లు ఉండదు. 1847–1852 సంవత్సరాల మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మింపజేసిన ఆర్థర్ కాటన్ పేరు వినగానే, ఇంగ్లీషు కొద్దిగా నేర్చిన బాలబాలికలు ఆయన పూర్వులు పత్తి వర్తకులని భావించుట సహజం. అది పొరపాటు. పత్తిని తెలిపే ఇంగ్లీషు మాట అరబ్బీ నుండి వచ్చినది. ఇంటిపేరైన కాటన్‌కు దానితో ఏ చుట్టరికమూ లేదు. ప్రాచీన ఆంగ్లంలో ‘కోట్’ అనగా గుడిసె. ‘గుడిసెల వద్ద’ అని చెప్పవలసినపుడు ఆ మాట ‘కోటుమ్’ అని మారేది. ఆ విభక్తి రూపమే ఇంగ్లాండులో అనేక పల్లెలకు పేరయింది. ఆ పల్లెల నుండి తరలి వచ్చినవారికి అదే ఇంటిపేరుగా నిలిచింది.

తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇందులో వింత కనిపించదు. మన ఇంటిపేర్లలోనూ ఔపవిభక్తికాలు దాగి ఉన్నాయి. ‘ఊరు’ ఇంటిపేరులో చేరినపుడు ‘ఊరి’ అవుతుంది. ‘పాడు’ ‘పాటి’ అవుతుంది. ‘వరము’ ‘వరపు’ అవుతుంది. 1848లో రాజమహేంద్రవరంలో జన్మించిన వీరేశలింగం పంతులుగారి పూర్వులు కందుకూరు నుండి వలస వచ్చినవారు. అందుచేత వారు కందుకూరివారైనారు. సొంత ఊరిలో ఉన్నంతకాలం ఆ ఊరి పేరుతో ఎవరినీ ప్రత్యేకించి పిలువనక్కరలేదు. ఊరు విడిచినపుడే ఊరి పేరు వెంట వస్తుంది. కనుక గ్రామనామం గల ప్రతి ఇంటిపేరు వెనుక ఒక ప్రయాణం ఉన్నదని ఊహించవచ్చును. కరవో, యుద్ధమో, ఉద్యోగమో, అగ్రహార దానమో, కారణం మాత్రం పేరులో మిగలదు.

ఊరు కాక వృత్తి, రంగు, అధికారం కూడా ఇంటిపేర్లకు మూలాలు. మనకు కమ్మరి, కరణం, నల్ల, ఎర్ర మొదలైనవి ఉన్నట్లే ఇంగ్లీషువారికి స్మిత్, కుక్, బ్లాక్, వైట్ ఉన్నాయి. తెలుగు నిఘంటువు కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇంటిపేరు కూడా ఒక రంగే. పూర్వం ఎవరిదో జుట్టు రంగును గాని మేనిచాయను గాని బట్టి ఏర్పడినది.

అయితే పేరు ఎల్లపుడూ తనంత తాను పుట్టదు. ఐర్లండు చరిత్ర అందుకు సాక్ష్యం. ఐరిష్ ఇంటిపేర్లలో ‘మాక్’ అనగా కుమారుడు, ‘ఓ’ అనగా మనుమడు లేక వంశీయుడు. 1465లో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక శాసనం చేసింది. డబ్లిన్ పరిసరాలలో ఇంగ్లీషువారి నడుమ నివసించే ఐరిష్ ప్రజలు ఇంగ్లీషు ఇంటిపేర్లు ధరించవలెనని దాని ఆజ్ఞ. ఆ పేరు ఒక పట్టణానిదో, ఒక రంగుదో, ఒక వృత్తిదో, ఒక ఉద్యోగానిదో కావలెను. తరువాతి శతాబ్దాలలో ఇంగ్లీషు పాలన బలపడినకొద్దీ ‘మాక్’, ‘ఓ’ అనునవి అనేక కుటుంబాల పేర్ల నుండి జారిపోయాయి. కొన్ని పేర్లు అనువాదమే అయిపోయాయి. కమ్మరి కొడుకు అనే అర్థం గల ‘మాక్ గవన్’ వంశీయులు, ముఖ్యంగా కావన్ మండలంలో, స్మిత్‌లుగా మారినారు. నేడు ఐర్లండులో స్మిత్ అనే వ్యక్తి పూర్వులు ఇంగ్లాండు నుండి వచ్చినవారో, పేరు మార్చుకొన్న ఐరిష్‌వారో పేరును బట్టి మాత్రమే చెప్పుట సాధ్యం కాదు.

ఫ్రెంచి ఏలుబడిలోని మన ప్రాంతాలకూ ఇటువంటి ఘట్టం ఎదురైంది. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి ఉత్తరువు, తమ మతాచార సంబంధమైన సొంత చట్టాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించే అవకాశం భారతీయులకు ఇచ్చింది. అలా స్వీకరించినవారు ఇకమీదట వంశపారంపర్యంగా సాగే ఒక ఇంటిపేరును ఎంచుకొనవలెను. ఐర్లండులో వలె ఇది ఆజ్ఞ కాదు. కోరుకొన్నవారికే వర్తించినది. పుదుచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్లై ‘లాపోర్త్’ అను పేరు స్వీకరించినారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ద్వారమని అర్థం. 1873లో బూట్లు ధరించి న్యాయస్థానంలో ప్రవేశించినందుకు తమను అడ్డగింపగా, పారిస్ వరకు వ్యాజ్యం నడిపి గెలిచిన ధీశాలి ఆయన.

ఈ మార్గం పట్టినవారిలో అత్యధికులు పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాల తమిళులు. తరతరాలుగా వచ్చే ఇంటిపేరు తమిళులలో సాధారణం కాదు. కనుక వారు కొత్తది కల్పించుకొనవలసి వచ్చింది. యానాం తెలుగువారికి ఆ కొరత లేదు. యానాం విమోచనోద్యమ నాయకులు దడాల రఫేల్ రమణయ్యగారి పేరునే పరిశీలించవచ్చును. ముందు తెలుగు ఇంటిపేరు, నడుమ క్రైస్తవ దేవదూత నామం, చివర తెలుగు పేరు. 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన తొలగినది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా బదిలీ పూర్తయినది. ‘యానాన్’ అని ఫ్రెంచివారు వ్రాసిన ఊరు మరల యానాంగానే మిగిలింది. అడవిపొలం పేరు చూడండి! అడవి, పొలం రెండూ అందులో ఉన్నాయి. ఇక్కడి నుండి వెళ్లిన ఏ కుటుంబమైనా ఆ పేరును ఇంటిపేరుగా ధరిస్తే, వ్యాకరణం ప్రకారం ‘అడవిపొలపు’వారు అవుతారు. వినుటకు బాగానే ఉన్నది.

ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించకుండానే మన ఇంటిపేర్లు నేడు కుదించుకుపోతున్నాయి. పాఠశాల రిజిస్టరులో అవి పొడి అక్షరాలుగా మారినవి. విదేశాలకు వెళ్లినవారికి ముందుండవలసినది చివరకు చేరి, తోటి ఉద్యోగులు ఇంటిపేరుతోనే పిలుచుట కూడా జరుగుతున్నది. బాలికల విషయం మరింత చిక్కు. పుట్టింటివారి పేరుతో చదివిన బాలిక వివాహానంతరం మరొక ఇంటిపేరుతో పిలువబడుతుంది. జూబిలీల వంటి సందర్భాలలో పూర్వ విద్యార్థుల చిరునామాలు సేకరించేవారికి మగపిల్లల జాడ తెలిసినంత సులువుగా ఆడపిల్లల జాడ తెలియదు. రిజిస్టరులో వివాహానంతర నామానికి ఒక గడి చేర్చుకొనుట ఏ పాఠశాలకైనా పెద్ద పని కాదు.

పొడి అక్షరం సంగతి అంత తేలిక కాదు. హాజరుపట్టీలో ‘క’ అని మాత్రమే ఉన్న పిల్లవాడు కందుకూరివాడో, కమ్మరివాడో, కరణంవాడో ఇంటికి వెళ్లి అవ్వనో తాతనో అడిగితేనే తెలుస్తుంది.