పట్టుబడ్డ పౌచ్ చెప్పే చరిత్ర

నయా రాయపూర్‌లోని మన మాజీ సైనికుల ట్రంకుపెట్టెల్లో పాత బెల్టులు, పౌచ్‌లు ఉంటూనే ఉంటాయి. సేకరణకర్తలకు అపురూపమైనది ఇంకొకటుంది: ఆఫ్రికా విమోచన పోరాటాల్లో పట్టుబడ్డ చైనా టైప్ 56 ఛాతీ పౌచ్. మూడు ఏకే మ్యాగజైన్లు ఛాతీమీదే చేతికందుతాయి.

రొడీషియాలో జాను పార్టీ సాయుధ దళం జాన్లాకు చైనా వీటినిచ్చింది. పట్టుకున్న ప్రభుత్వ సైనికులు తామే తొడుక్కున్నారు, అలాంటివే కుట్టించుకున్నారు కూడా. పనికొచ్చే సామాను శత్రువుదైనా సిపాయి వదలడు కదా! 1980 ఏప్రిల్ 18న ఆ దేశం జింబాబ్వేగా స్వతంత్రమైంది.

ఇదే పౌచ్ వియత్నాంలోనూ వాడారు. అందుకే ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర దొరికిందో రాసిపెట్టకపోతే అది ఉత్త గుడ్డే. మన సైనికులూ ఐక్యరాజ్యసమితి తరఫున 1960ల్లో కాంగో, 1990ల్లో సోమాలియా వెళ్లొచ్చారు. మిత్రులారా, మీ పెట్టెలోని ప్రతి వస్తువుకూ ఒక చీటీ కట్టండి. మన తర్వాత మాట్లాడేది ఆ చీటీయే.