రంగు అద్దని కణచిత్రం: సూరి భగవంతం పరిశోధనల చారిత్రక స్థానం

ఉపోద్ఘాతం

ఆదోని పత్తిని, ఎమ్మిగనూరు చేనేతను ఎరిగినవారికి అద్దకం కొత్త మాట కాదు. రంగు పీల్చిన నూలు మునుపటి నూలు కాదు. సూక్ష్మదర్శినిలో కణభాగాలను చూడడానికి శాస్త్రజ్ఞులు కూడా చిరకాలంగా అద్దకాన్నే ఆశ్రయించారు. అయితే చాలా అద్దకాలకు కణజాలాన్ని ముందుగా నిర్జీవం చేయాలి. సజీవ కణంలో చేర్చే రంజకాలు సైతం దాని సహజ వర్తనను మార్చవచ్చు. రంజకం లేకుండా కణంలోని రసాయనాలను కాంతితోనే గుర్తించే ఒక ప్రధాన పద్ధతికి రామన్ ఫలితం మూలం. ఆ ఫలితానికి సిద్ధాంతబలం చేకూర్చిన సూరి భగవంతం కృషిని ఈ కోణంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వాల్తేరు పరిశోధనలు

1928లో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కలకత్తాలో ఈ ఫలితాన్ని కనుగొన్నారు. అణువుపై పడిన కాంతిలో అత్యల్ప భాగం అణుకంపనాలతో శక్తిని మార్చుకొని, వేరొక పౌనఃపున్యంతో వెలువడుతుంది. ఆ తేడాయే అణువుకు గుర్తింపు. పత్తిపోగులోని సెల్యులోజుకు ఒక గుర్తు, కొవ్వుకు మరొకటి.

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన భగవంతం 1928లో రామన్ వద్ద చేరి, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఏ కంపనం రామన్ వర్ణపటంలో కనిపిస్తుందో, ఏది కనిపించదో సౌష్ఠవాన్ని బట్టి నిర్ణయించవచ్చు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన 1939లో సమూహ సిద్ధాంతాన్ని స్ఫటికాల కంపనాలకు అన్వయించారు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితాలపై ఆయన గ్రంథం 1940లోను, వెంకటరాయుడుతో కలిసి రాసిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లోను వెలువడ్డాయి.

సజీవ కణం వరకు

రామన్ కాంతి అతి దుర్బలం కావడం ప్రధాన అవరోధం. 1960లో లేజరు రాకతో మార్గం సుగమమైంది. 1990లో ఒంటరి సజీవ కణపు రామన్ వర్ణపటాలు నమోదయ్యాయి. 2008లో హార్వర్డ్ పరిశోధకులు రెండు లేజరు కిరణాల పౌనఃపున్యాల తేడాను అణుకంపనానికి సరిపోల్చి, సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచి, సజీవ కణాలలో కొవ్వులను రంజకం లేకుండా చిత్రించారు. నీటి రామన్ సంకేతం బలహీనం కావడం కూడా నీటిమయమైన కణానికి ఈ పద్ధతిని అనుకూలం చేసింది.

ముగింపు

ఈ చిత్రణను భగవంతం కనుగొన్నారని చెప్పడం అతిశయోక్తి. కాని లేజరు సంకేతాన్ని బలపరచగలదే తప్ప, దాని అర్థాన్ని చెప్పలేదు. కంపనాలను చదివే వ్యాకరణాన్ని రూపొందించిన తొలితరంలో వాల్తేరుకు స్థానముంది. భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా, రక్షణమంత్రి శాస్త్ర సలహాదారుగా ఆయన నిర్వహించిన పదవులతో పాటు ఈ కృషిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే తెలుగునాట విజ్ఞాన చరిత్ర సమగ్రమవుతుంది.