బోధిసిరి గదుల లెక్క

పటం మీద అమరావతి నుంచి నాగార్జునకొండకు అడ్డంగా గీత గీస్తే అది దాదాపు క్రోసూరు మీదుగా పోతుంది. తూర్పున ధాన్యకటకం, పడమట విజయపురి, రెండూ ఒకప్పుడు వెలిగిన పట్నాలే. కాపురాలు లేని మనుషులు కలిసి బతికేందుకు కట్టిన ఇళ్లు రెండుచోట్లా ఉండేవి. వాటిని బౌద్ధ విహారాలని చదువుకుంటాం, శిల్పాల ఫొటోలు చూస్తాం. వాటిని ఇళ్లుగా మాత్రం ఎప్పుడూ చూడం.

క్రోసూరు నుంచి డిగ్రీ పట్టాతో హైదరాబాదు బస్సెక్కే కుర్రాడికి ఉమ్మడి నివాసం అంటే అమీర్‌పేట హాస్టలే. త్రీ షేరింగా, ఫైవ్ షేరింగా అన్నదే అక్కడి బేరం. మంచాల సంఖ్య పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది. నలుగురూ కూర్చునే చోటు గురించి అడిగేవాడూ ఉండడు, చెప్పేవాడూ ఉండడు. పట్నంలో కలిసి ఉండటానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదా అనే ప్రశ్నకు డెన్మార్కు వైపు చూసేవాళ్లున్నారు. అక్కడ 1972లో సెటడామెన్ అనే చోట 27 కుటుంబాలు ఎవరిళ్లు వాళ్లకుండగా, అందరికీ కలిపి ఒక ఉమ్మడి ఇల్లు కట్టుకున్నాయి. బాగుంది. కానీ అంత దూరం పోయే ముందు మన మాచర్ల దగ్గరి నాగార్జునకొండ దాకా పోయి చూడొచ్చు.

క్రీ.శ. 3వ శతాబ్దంలో విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చులధమ్మగిరి మీది విహారంలో ఒక చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. సింహళం నుంచి వచ్చే థేరుల, అంటే పెద్ద భిక్షువుల, కోసం ఆ కట్టడం. 1920ల చివర్లో లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపినప్పటి శాసనాలను డచ్చి పండితుడు ఫోగెల్ చదివి ప్రకటించాడు. బోధిసిరి రాణి కాదు, గృహస్థుల ఇంటి ఆడపడుచు. అంతకు ముందు తాను ఎక్కడెక్కడ ఏమేమి కట్టించిందో ఆమె వరసగా చెప్పుకుంది. మహాధమ్మగిరిలో ఒక గది. హిరుముఠువలో మూడు గదులు. పాపిలలో ఏడు గదులు. మహావిహారంలో ఒక మండప స్తంభం. పువ్వసేలలో ఒక చెరువు, వసారా మండపం. కంటకసేల, అంటే నేటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. దేవగిరిలో ధ్యానశాల.

ఈ జాబితాను పుణ్యం లెక్కగా చదివితే పుణ్యం లెక్కే. మేస్త్రీ కంటితో చదివితే వేరే సంగతి తెలుస్తుంది. ఇక్కడ ఎవరూ విహారం మొత్తాన్ని ఒక్కసారిగా కట్టి తాళంచెవులు ఇవ్వలేదు. ఒక చోట ఒక గది చాలింది, మరో చోట ఏడు కావలసి వచ్చాయి, ఇంకో చోట ఒక్క స్తంభమే తక్కువైంది. మనుషులు వచ్చినకొద్దీ, దాతలు దొరికినకొద్దీ నివాసం పెరిగింది. వాస్తుశిల్పి బాలకృష్ణ దోశి 1980ల్లో ఇండోర్ దగ్గర అరణ్య కాలనీకి రూపమిచ్చినప్పుడు పేదవాడికి స్థలం, నీళ్లు, మరుగుదొడ్డి ఇచ్చి గదులు వాడినే వేసుకోమన్న పద్ధతికి ప్రపంచం మెచ్చి 1995లో ఆగాఖాన్ అవార్డు ఇచ్చింది. బోధిసిరికి ఆ ఆలోచన కొత్తగా అనిపించేది కాదేమో.

విడిగా పెరిగినా గదులు చెల్లాచెదురు కాకపోవడానికి కారణం ప్లాను. నాగార్జునకొండ విహారాల్లో నడుమ స్తంభాల మండపం, దాని చుట్టూ మూడు వైపులో నాలుగు వైపులో గదుల వరస, ఆ మొత్తానికి ఇటుక ప్రహరీ. మండపానికి రాతి పరుపు, సున్నపురాతి స్తంభాలు, పైన కొయ్య కప్పు. స్తంభాలకు రాయి ఆ ప్రాంతంలోనే దొరికింది. కొన్ని విహారాలకు భోజనశాల, వంటిల్లు, సరుకుల కొట్టు వేరుగా ఉన్నాయి. గది ఒక మనిషి పడుకోవడానికి, ధ్యానానికి. మిగతా బతుకంతా మండపంలోనే.

నీటి సంగతి చూడాలంటే విశాఖ దగ్గరి తొట్లకొండకు పోవాలి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కొండ మీద నది లేదు. రాతిని తొలిచి తొట్లు చేసి వాన నీరు నింపుకున్నారు. భిక్షువులు ఎవరి బిందె వాళ్లు మోసుకున్నారో లేదో గానీ, తొట్టి మాత్రం అందరిదీ.

నాకు అన్నిటికన్నా నచ్చింది బోధిసిరి శాసనం చివరి భాగం. పని చూసుకున్నవాళ్లు ముగ్గురు: చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు. రాతిపని చేసినవాడు విధికుడు. అంటే కట్టడం పనిని నడిపించింది భిక్షువులే. వినయపిటకంలో దీనికి పద్ధతి ఉంది. నవకర్మ, అంటే కొత్త కట్టడం పనిని సంఘం ఒక భిక్షువుకు అప్పగిస్తుంది. కట్టడం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ఎన్నేళ్లన్నది నిర్ణయిస్తుంది. గదులు పంచడానికి కూడా ఒకరిని ఎన్నుకుంటుంది. వర్షాకాలం మూడు నెలలకు గది కేటాయింపు జరుగుతుంది. విహారాన్ని, అందులోని మంచాలను ఎవరూ పంచుకుపోవడానికి వీల్లేదు, సంఘం కూడా ఎవరికీ రాసివ్వలేదు. పట్టా లేదు, కానీ వానాకాలంలో తల మీద కప్పు ఉంటుంది.

ఇది భిక్షువులకు కుదిరింది, సంసారులకు కుదురుతుందా అంటే ఉన్నదున్నట్టుగా కుదరదు. పిల్లలున్న ఇంటికి వంటగది కావాలి, తలుపు గడియ కావాలి, చివరికి అమ్ముకునే హక్కూ కావాలి. భిక్షువులు కూడా అందరూ ఒకే చోట సర్దుకోలేదు. అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే శాఖలవాళ్లకు ఎవరి విహారాలు వాళ్లకు ఉండేవి. ఒకే లోయలో 30కి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడటం వెనుక భక్తితో పాటు ఈ వేరు కుంపట్లు కూడా ఉన్నాయి.

ఇక మన కాలానికి వస్తే, ఆంధ్రప్రదేశ్ పట్నాల్లో పేదలకు టిడ్కో కట్టిన ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల లెక్కలో ఉన్నాయి. షియర్ వాల్ పద్ధతి. అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోస్తే గోడలూ కప్పూ ఒకేసారి లేస్తాయి. పని వేగంగా సాగుతుంది, భవనం గట్టిగా ఉంటుంది. అయితే లోపలి గోడ కూడా బరువు మోసేదే కాబట్టి, కొడుక్కి పెళ్లయిందని గోడ జరుపుకోవడానికి లేదు. తరగతి పైకి వెళ్లినా కథ పెద్దగా మారదు. 2018లో అమరావతి రాజధానిలో సీఆర్‌డీఏ ప్రకటించిన హ్యాపీ నెస్ట్‌లో 12 టవర్లు, 1,200 ఫ్లాట్లు. బుకింగులకు జనం ఎగబడ్డారు. ఒక గదితో మొదలుపెట్టి పెంచుకునే వీలు అందులోనూ లేదు. కనీసం నలుగురైదుగురు ఉద్యోగస్తులు చేరి ఒక వంటిల్లు, నాలుగు చిన్న గదులు, ఒక పెద్ద వసారా తీసుకునే ఫ్లాటు ప్లాను ఒక్క అంతస్తులోనైనా వేసి చూడొచ్చు. స్తంభాల మీద నిలిచే పాతకాలపు ఫ్రేము కట్టడంలో అది కష్టమేమీ కాదు, లోపలి గోడలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఆ తర్వాత వచ్చే తగువు మెయింటెనెన్సుది. విజయపురి వాళ్లు దానికీ దారి చూసుకున్నారు. అక్షయనీవి పేరుతో అసలు మొత్తాన్ని వృత్తి శ్రేణుల దగ్గర ఉంచేవారు. అసలు ముట్టుకోరు, వడ్డీతో పని నడుస్తుంది. తమలపాకుల వర్తకుల శ్రేణి, మిఠాయిలు చేసేవాళ్ల శ్రేణి అక్కడి శాసనాల్లో కనిపిస్తాయి. మన అపార్టుమెంట్ల కార్పస్ ఫండ్ కూడా ఇదే లెక్క. తేడా ఏమిటంటే మనది లిఫ్టు మోటారు కాలిన రోజే గుర్తొస్తుంది.