హుద్‌హుద్ తర్వాత విశాఖ: పాలకవర్గం లేని నగరం ఎలా కోలుకుంది?

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్న సమయంలో హుద్‌హుద్ అతి తీవ్ర తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటింది. ఆ సమయంలో గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లని భారత వాతావరణ శాఖ లెక్కగట్టింది. అంతకు సరిగ్గా ఏడాది ముందు, అదే తేదీన ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అయితే ఫైలిన్ దెబ్బ ఎక్కువగా పల్లెల మీద, చిన్న పట్టణాల మీద పడింది. హుద్‌హుద్ మాత్రం ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళ స్థావరం, విమానాశ్రయం ఉన్న పెద్ద నగరం మీదుగా నేరుగా వెళ్లింది. అందుకే తుపాను అనంతర నగర నిర్వహణ గురించి చర్చ వచ్చినప్పుడల్లా విశాఖ అనుభవం ప్రస్తావనకు వస్తుంది.

ముందస్తు హెచ్చరిక

అండమాన్ సముద్రంలో అక్టోబరు 6న ఏర్పడిన అల్పపీడనం రెండు రోజుల్లో తుపానుగా మారింది. దానికి హుద్‌హుద్ అనే పేరు ఒమన్ ఇచ్చింది. ఇది అరబ్బీలో కుకుడుగువ్వ పేరు. తుపాను విశాఖ వైపే వస్తోందని వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెప్పగలిగింది. దాంతో ఉత్తర కోస్తాలో లక్షకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన వేలాది మందిని పొట్టనబెట్టుకుంది. 1999 ఒడిశా పెను తుపానులోనూ దాదాపు పదివేల మంది చనిపోయారు. హుద్‌హుద్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. తుపాను బలహీనపడి ఉత్తరానికి సాగాక, దాని ప్రభావంతో నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో అక్టోబరు 14న మంచు తుపాను వచ్చింది. అక్కడ నలభై మందికి పైగా మరణించారు.

ప్రాణనష్టం తగ్గినా ఆస్తి నష్టం తగ్గలేదు. మొత్తం నష్టం 21,908 కోట్ల రూపాయలని రాష్ట్ర ప్రభుత్వం అంచనా వేసింది. మనుషులను తరలించవచ్చు గానీ కరెంటు స్తంభాలను, సెల్ టవర్లను, చెట్లను తరలించలేం. హుద్‌హుద్ మిగిల్చిన అసలు సమస్య ఇదే.

ఒకదానికొకటి ముడిపడిన పనులు

తుపాను మర్నాడు నగరంలో దాదాపు ప్రతి వీధికీ చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. వాటితోపాటే విద్యుత్ తీగలు, హోర్డింగులు, ఇంటి కప్పుల రేకులు. కరెంటు లేకపోవడంతో నీటి పంపులు ఆగిపోయాయి. విశాఖకు నీరు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువ వంటి దూరపు వనరుల నుంచి వస్తుంది. దాన్ని పంపు చేయాలి, శుద్ధి చేయాలి, మళ్లీ ఎత్తు మీదున్న కాలనీలకు ఎక్కించాలి. ఏ దశలో కరెంటు లేకపోయినా కుళాయి ఎండిపోతుంది. అపార్ట్‌మెంట్లలో బోరు ఉన్నా మోటారు తిరగదు. పాలు, పెట్రోలు, తాగునీటి కోసం వరసలు పెరిగాయి. ఫోన్లు పనిచేయక, ఏ దుకాణం తెరిచి ఉందో, ట్యాంకరు ఎక్కడికి వస్తుందో జనానికి తెలియలేదు.

అందువల్ల పనుల క్రమమే కీలకమైంది. ముందు ప్రధాన రోడ్ల మీది చెట్లు కోసి పక్కకు నెట్టాలి. అప్పుడే విద్యుత్ సిబ్బంది స్తంభాలు, క్రేన్లతో లోపలికి రాగలరు. కరెంటు వచ్చాకే నీళ్లు, ఫోన్లు. జాతీయ విపత్తు స్పందన దళం, తూర్పు నౌకాదళం రోడ్లు తెరిచే పనిలో దిగాయి. ఇతర జిల్లాల నుంచి మున్సిపల్ కార్మికులను, విద్యుత్ సిబ్బందిని రప్పించారు. పైకప్పు ఎగిరిపోయిన విమానాశ్రయం అక్టోబరు 17న తిరిగి తెరుచుకుంది. నగరంలో చాలా భాగానికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. శివారు కాలనీలు, చుట్టుపక్కల పల్లెలు ఇంకా ఎక్కువ కాలం ఆగాల్సి వచ్చింది.

ఈ క్రమంలో అందరికంటే ముందు రోడ్డు మీదకు వచ్చిందీ, చివరి వరకు ఉన్నదీ పారిశుద్ధ్య కార్మికులు. మామూలు చెత్తతోపాటు కుళ్లిన ఆహారం, చచ్చిన జంతువులు, విరిగిన కొమ్మలు అన్నీ వాళ్ల భుజాల మీదే పడ్డాయి. మురుగు కాలువలు పూడితే అంటురోగాలు ప్రబలే కాలం అది. కార్మికుల్లో చాలామంది ఇళ్లు కూడా అదే గాలికి దెబ్బతిన్నాయన్నది ఆ రోజుల ప్రశంసల్లో అంతగా వినిపించలేదు.

ఎండిన కొమ్మలు, దీపావళి

ఊరంతా పేరుకుపోయిన చెట్ల వ్యర్థాలు మరో ప్రమాదం తెచ్చాయి. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 23న వచ్చింది. పదకొండు రోజుల ఎండకు కొమ్మలు, ఆకులు బాగా ఎండిపోయాయి. ఒక్క తారాజువ్వ చాలు వీధి అంటుకోవడానికి. బాణసంచా కాల్చవద్దని ప్రభుత్వం నగర ప్రజలను కోరింది. దానికి బదులు బీచ్ రోడ్డులో ‘తుపానును జయిద్దాం’ పేరిట కొవ్వొత్తుల ప్రదర్శన జరిగింది. ధైర్యం చెప్పే కార్యక్రమంగానే అది గుర్తుండిపోయింది గానీ, దాని వెనుక అగ్నిప్రమాద భయం కూడా ఉంది.

నగర ప్రభుత్వం ఎక్కడ?

ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తుపాను మర్నాడే విశాఖ చేరుకుని రోజుల తరబడి అక్కడే మకాం వేశారు. మంత్రులు, సీనియర్ ఐఏఎస్ అధికారులకు ప్రాంతాల వారీగా బాధ్యతలు అప్పగించారు. పనులు వేగంగా జరగడానికి ఇది కారణమైంది. అదే సమయంలో ఒక లోటును కూడా కప్పింది. మహా విశాఖ నగర పాలక సంస్థకు అప్పటికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012 ఆరంభంలో ముగిసింది. తర్వాతి ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు. అంటే హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరానికి మేయర్ లేరు, వార్డుకు కార్పొరేటర్ లేరు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. స్థానిక సంస్థలు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, సామగ్రి సిద్ధంగా ఉంచాలి, సహాయ పునరావాస పనులు చేపట్టాలి. ప్రధాన రోడ్డు తెరవడానికి పైనుంచి వచ్చే ఆదేశం చాలు. కానీ ఏ సందులో ట్యాంకరు రాలేదు, ఏ వృద్ధులు మూడో అంతస్తులో చిక్కుకున్నారు, బియ్యం ఎవరికి అందలేదు అన్నది వార్డు స్థాయిలోనే తెలుస్తుంది. నష్టపరిహారం జాబితాల్లో పేర్లు లేవన్న ఫిర్యాదు ప్రతి తుపాను తర్వాతా వస్తుంది. దాన్ని మోసుకెళ్లాల్సిన ప్రతినిధి లేనప్పుడు బాధితుడు నేరుగా కార్యాలయాల చుట్టూ తిరగాల్సిందే.

డబ్బు లెక్క

అక్టోబరు 14న విశాఖకు వచ్చిన ప్రధాని మోదీ వెయ్యి కోట్ల రూపాయల తక్షణ సాయం ప్రకటించారు. ఆ మొత్తం పూర్తిగా అందలేదని రాష్ట్ర ప్రభుత్వం తర్వాత పలుమార్లు ఫిర్యాదు చేసింది. రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో అప్పట్లో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఈ నిధి తక్షణ సహాయానికి ఉద్దేశించింది. కూలిన వ్యవస్థను మునుపటి కంటే గట్టిగా కట్టడానికి అది సరిపోదు. నష్టం అంచనాకూ అందే సాయానికీ మధ్య పెద్ద తేడా రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ లోటు పూడ్చడానికి ప్రపంచ బ్యాంకు రుణం అవసరమైంది. 25 కోట్ల డాలర్ల ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు 2015లో ఆమోదం పొందింది. విశాఖలో విద్యుత్ తీగలను భూగర్భ కేబుళ్లుగా మార్చడం ఇందులో ముఖ్య భాగం. తీగ భూమిలో ఉంటే చెట్టు కూలినా కరెంటు పోదు. అయితే ఖర్చు ఎక్కువ, లోపం వస్తే వెతకడం కష్టం, ప్రతి రోడ్డూ తవ్వాలి. ఈలోగా నగరంలోని తొంభై వేలకు పైగా వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చారు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు విశాఖ ఆతిథ్యం ఇచ్చింది.

మిగిలిన పాఠం

బీచ్ రోడ్డు త్వరగానే తేరుకుంది. పెద్ద చెట్లకు మాత్రం ఆ త్వర లేదు. కైలాసగిరి, కంబాలకొండ, జంతుప్రదర్శనశాల పరిసరాల్లో పోయిన పచ్చదనం మొక్కలు నాటిన మరుసటి ఏడాదికే తిరిగి రాదు. త్వరగా పెరిగే జాతులనే మళ్లీ నాటితే, వేళ్లకు చోటు లేకుండా చుట్టూ సిమెంటు పోస్తే, వచ్చే తుపానుకు అవే రోడ్డు మీద పడతాయి.

చెట్లు కోసే రంపాలు, జనరేటర్లు, అదనపు స్తంభాలు ఎక్కడ ఉంచాలి, ఏ రోడ్డు ముందు తెరవాలి, ఏ పంపుహౌసుకు ముందు కరెంటు ఇవ్వాలి, కొమ్మలు ఎక్కడ పోయాలి అన్నవి అక్టోబరుకు ముందే కాగితం మీద ఉండాల్సిన విషయాలు. 2014లో వీటిలో చాలా భాగం అక్కడికక్కడ తేల్చుకున్నవే. రాష్ట్ర యంత్రాంగమంతా ఒక్క నగరం మీద దృష్టి పెట్టగలిగింది కనుక అది సాధ్యమైంది. ఒకే తుపాను రెండు మూడు నగరాలను తాకితే ముఖ్యమంత్రి అన్నిచోట్లా మకాం వేయలేరు. అప్పుడు పని జరగాల్సింది వార్డు కార్యాలయం నుంచే.